గ్రీన్ జాబ్ కోసం 25 వేలు కట్టి కోర్సులో చేరాలా? ఐటీఐ ఎలక్ట్రీషియన్ తమ్ముడికి నా సమాధానం

తమ్ముడూ, నువ్వు అడిగింది మిగతావాళ్లకి కూడా అర్థమయ్యేలా ముందు ఒకసారి చెప్తాను. మీది ధర్మవరం దగ్గర ఊరు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసై రెండేళ్లుగా ఇళ్ల వైరింగ్ పని చేస్తున్నావు. "ఇకమీదట అన్నీ గ్రీన్ జాబ్సే, ఆన్‌లైన్ కోర్సు 25 వేలు, సర్టిఫికెట్ రాగానే ఉద్యోగం గ్యారంటీ" అని ఎవరో ఫోన్ చేశారు. అందులో చేరాలా, చేరకపోతే ఏం నేర్చుకోవాలి, బీకాం చదివిన మీ అక్కకి ఈ రంగంలో పని దొరుకుతుందా, ఇదంతా మన ఇంట్లో కరెంటు బిల్లు తగ్గించడానికైనా పనికొస్తుందా అని అడిగావు.

ఆ 25 వేలు కట్టొద్దు. గ్రీన్ జాబ్స్ అంటే పర్యావరణానికి మేలు చేసే పనులు. వాటిలో నీకు దగ్గరది ఇళ్ల మీద సోలార్ వేయడం, నీ చేతిలో ఉన్న వైరింగ్ పనే దానికి పునాది. దాని మీద నువ్వు నేర్చుకోవాల్సినవి మూడు: డీసీ కరెంటు (సోలార్ ప్యానెల్ ఇచ్చేది ఇదే), ఎర్తింగ్, కొలవడం. ఒక మంచి టీమ్‌లో ఏడాది పాటు మిద్దెలు ఎక్కి పని చేస్తే మూడూ వస్తాయి. మీటరు చేత్తో పట్టుకోకుండా ఫోన్‌లో వీడియోలు చూస్తే ఒక్కటీ రాదు. సర్టిఫికెట్ కావాలంటే డబ్బు కట్టకుండా తెచ్చుకునే దారి ఉంది, కింద చెప్తాను.

నేను ఐదేళ్లు ఇళ్ల వైరింగ్ చేసి, ఆ తర్వాత పద్నాలుగేళ్లుగా అనంతపురం, కడప వైపు ఇళ్ల మీద సోలార్ వేస్తున్నాను. అంటే నువ్వు ఇప్పుడున్న చోటునుంచే మొదలుపెట్టాను.

పని నిజంగా ఉందా? ఉంది. కాకపోతే చాలామంది పిల్లలు వెతుకుతున్న చోట లేదు. కర్నూలు దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు, మన ఎన్పీ కుంట పార్కు చూసి ఉద్యోగాలన్నీ అక్కడే ఉంటాయనుకుంటారు. పార్కు కట్టేటప్పుడు వందల మందికి పని దొరుకుతుంది. కట్టడం అయ్యాక గడ్డి కోసేవాళ్లు, ప్యానెళ్లు కడిగేవాళ్లు, సెక్యూరిటీ, కొద్దిమంది టెక్నీషియన్లు మిగులుతారు. ఇళ్ల సంగతి వేరు. ప్రతి మిద్దె వేరు, ప్రతి మీటరు వేరు, నీడ పడే వేళ వేరు. ఇళ్ల మీద సోలార్‌కి సబ్సిడీ ఇచ్చేలా 2024 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది. అందులో సోలార్ వేసిన వెండరు (ప్యానెళ్లు అమ్మి బిగించేవాళ్లు) ఐదేళ్లు మెయింటెనెన్స్ కూడా చూసుకోవాలి. ఫోన్ చేస్తే గంటలో రాగల ఎలక్ట్రీషియన్ ప్రతి మండలంలో కావాలి. హైదరాబాద్ నుంచి ఎవరో వచ్చి చేసే పని కాదిది.

ఇక ఆ మూడింటి సంగతి.

మొదటిది డీసీ. నువ్వు ఇప్పటిదాకా చూసింది ఇళ్లకి వచ్చే ఏసీ కరెంటు. స్విచ్చు ఆపితే లైను చచ్చిపోతుంది, ఫ్యూజు తీస్తే ధైర్యంగా చెయ్యి పెడతావు. ప్యానెల్‌కి స్విచ్చు లేదు. ఎండ ఉన్నంతసేపూ దాని వైర్లలో వోల్టేజి ఉంటుంది. మబ్బు పట్టినా ఉంటుంది, తెల్లారగానే మొదలవుతుంది. 3 కిలోవాట్ల ఇంటికి 540 వాట్ల ప్యానెళ్లు ఆరు వరసగా కలిపితే దాదాపు 300 వోల్టులు, 5 కిలోవాట్లకి పది కలిపితే 500 వోల్టుల దాకా వస్తుంది. ఇంకో సంగతి. మన ఏసీ కరెంటు సెకనుకి వంద సార్లు సున్నాకి వచ్చి పోతుంది కాబట్టి స్పార్కు వచ్చినా ఆరిపోయే అవకాశం ఉంటుంది. డీసీ సున్నాకి రాదు. లూజు జాయింటు దగ్గర ఆర్క్ పుట్టిందంటే వైరు కరిగేదాకా మండుతూనే ఉంటుంది. అందుకే ఇంట్లో వాడే మామూలు ఎంసీబీని (లోడు ఎక్కువైతే ట్రిప్ అయ్యే స్విచ్చు) డీసీ వైపు పెట్టకూడదు. లోడు నడుస్తుండగా ప్యానెల్ కనెక్టర్‌ని లాగి విడదీయకూడదు. ముందు ఇన్వర్టర్ (ప్యానెల్ డీసీని ఇంటి ఏసీగా మార్చే పెట్టె) ఆపి, డీసీ ఐసోలేటర్ (డీసీ లైను తెంపే స్విచ్చు) ఆపి, వైరు చుట్టూ పట్టి కొలిచే క్లాంప్ మీటర్‌తో కరెంటు సున్నా అని చూసుకుని, అప్పుడే విడదీయాలి.

ఈ పనిలో నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. మొదటి ఏడాది నా దగ్గర ఎంసీ4 క్రింపింగ్ టూల్, అంటే ప్యానెల్ వైర్లకి కనెక్టర్లు నొక్కి బిగించే పనిముట్టు, లేదు. కటింగ్ ప్లేయర్‌తోనే నొక్కి కనెక్టర్లు బిగించాను. పైకి గట్టిగానే ఉన్నాయి. ఏడు నెలల తర్వాత ఇంటాయన ఫోన్ చేసి "ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోంది" అన్నాడు. వెళ్లి చూస్తే కనెక్టర్ నల్లగా కరిగిపోయి, కింద పైపు మీదకి కారి ఉంది. ఆ పక్కనే ఆయన వేరుశనగ కట్టెల మోపు ఆరబెట్టుకుని ఉన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత వారం పని మానుకుని, అంతకు ముందు నేను బిగించిన పదకొండు ఇళ్ల కనెక్టర్లు అన్నీ నా డబ్బుతో మార్చాను. ఒక కంపెనీ మేల్ కనెక్టర్‌ని ఇంకో కంపెనీ ఫీమేల్‌లో దూర్చినా ఇదే జరుగుతుంది. లోపలికి దిగుతుంది, టక్కుమంటుంది, సరిపోయిందనే అనిపిస్తుంది. కానీ లోపల మెటల్ పూర్తిగా ఆనదు, వేడెక్కుతుంది.

ప్యానెల్ పాతికేళ్లు కరెంటు ఇవ్వాలని మనం జనానికి చెప్తాం. మన జాయింటు ఏడు నెలలకే కాలిపోతే ఆ ఇంటికి ఏం మేలు చేసినట్టు? నా దృష్టిలో గ్రీన్ స్కిల్ అంటే ముందు ఇది. వేసిన వస్తువు దాని ఆయుష్షు మొత్తం బతికేలా పని చేయడం.

రెండోది ఎర్తింగ్, అంటే లీకైన కరెంటుని నేలలోకి పంపే ఏర్పాటు. ఇళ్ల వైరింగ్‌లో ఇది ఎంత నిర్లక్ష్యంగా జరుగుతుందో నీకు తెలుసు. ఒక పైపు పాతి, ఉప్పు, బొగ్గు వేసి, వైరు చుట్టి అయిపోయింది అంటారు. సోలార్‌కి మూడు ఎర్త్ పిట్‌లు (రాడ్ దింపే గుంతలు) కావాలి: ప్యానెళ్లు నిలబెట్టే స్ట్రక్చర్‌కి, డీసీ వైపుకి కలిపి ఒకటి, ఏసీ వైపుకి ఒకటి, పిడుగుల కోసం పెట్టే లైట్నింగ్ అరెస్టర్‌కి విడిగా ఒకటి. రెసిస్టెన్స్ (నేలలోకి పోయే కరెంటుకి ఉండే అడ్డు) 5 ఓమ్‌ల లోపు ఉండాలని చూస్తాం. మన సీమలో గుట్ట నేల ఎక్కువ కాబట్టి అంత తక్కువ రావడం కష్టం. ఒక ఇంట్లో ఆగస్టు వానల్లో కొలిస్తే 3.5 వచ్చింది, సంతోషంగా రాసుకుని వచ్చేశాను. మరుసటి మే నెలలో వేరే పని మీద వెళ్లి ఊరికే కొలిస్తే 14 ఉంది. నేల ఎండిపోయింది, అంతే. అప్పటినుంచి గుట్ట నేలలో వేసిన ప్రతి ఇంటినీ ఎండాకాలంలో ఒకసారి కొలుస్తున్నాను. అవసరమైన చోట ఇంకో రాడ్ దింపి కలుపుతున్నాం. ఈ సంగతి నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు.

మూడోది కొలవడం. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద స్కిల్ ఇదే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

పోయిన ఏడాది ఒక రిటైర్డ్ టీచర్ గారు 5 కిలోవాట్ల సోలార్ కావాలని వచ్చారు. బిల్లు నెలకి 500 యూనిట్లు వస్తోంది, ఇంట్లో ఉండేది ముగ్గురే. ఆర్డర్ రాసేసుకుంటే నాకు మంచి లాభం. కానీ ముగ్గురికి 500 ఎందుకవుతోందని అనుమానం వచ్చి, మీటరు పట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఆరు పాత ఫ్యాన్లు, ఒక్కొక్కటి 75 వాట్లు, రోజుకి 12 గంటలు. ఆ ఫ్యాన్లకే నెలకి 162 యూనిట్లు. పదిహేనేళ్ల నాటి ఫ్రిజ్‌కి ప్లగ్ మీటర్ (ఆ ఒక్క వస్తువు ఎంత కరెంటు తింటుందో చూపించేది) పెట్టి రెండు రోజులు చూస్తే రోజుకి 2.6 యూనిట్లు, అంటే నెలకి 78. ఫ్యాన్లన్నీ తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు చేస్తే 162 కాస్తా 65కి వస్తుంది. ఫ్రిజ్ మారిస్తే 78 పోయి 24 దగ్గర ఆగుతుంది. మొత్తం 150 యూనిట్లు తగ్గి, ఇంటి వాడకం 350కి దిగుతుంది. మన ఎండకి ఒక కిలోవాట్ రోజుకి సగటున 4 యూనిట్లు ఇస్తుంది. అంటే 3 కిలోవాట్లకి నెలకి 360. సరిగ్గా సరిపోయింది.

ఇంకొకటి చూడు. సూర్యఘర్ సబ్సిడీ మొదటి 2 కిలోవాట్లకి కిలోవాట్‌కి 30 వేలు, మూడో దానికి 18 వేలు, మొత్తం 78 వేల దగ్గర ఆగిపోతుంది. 5 కిలోవాట్లు వేసినా అదే 78 వేలు. మీద వేసే రెండు కిలోవాట్లు పూర్తిగా మాస్టారు జేబులోంచే పోవాలి. దానికి అయ్యే డబ్బులో సగంతోనే ఫ్యాన్లు, ఫ్రిజ్ వచ్చేశాయి. నాకు ఆ ఆర్డర్‌లో లాభం తగ్గింది. కానీ ఆయన చెప్పగా వాళ్ల వీధిలో నలుగురు పిలిచారు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, అక్కర్లేని నాలుగు ప్యానెళ్లు ఆ మిద్దె ఎక్కకపోవడమే సరైన పని అని నేను గట్టిగా నమ్ముతాను. వాటికి కూడా గాజు, అల్యూమినియం, వెండి వాడాలి. రేపు వాటి ఆయుష్షు తీరాక ఎక్కడో పారేయాలి.

కొలవడం వస్తే కస్టమర్‌కి జవాబు చెప్పడం కూడా వస్తుంది. మే నెలలో మధ్యాహ్నం "3 కిలోవాట్లు వేయించుకుంటే యాప్‌లో రెండున్నర కూడా చూపించట్లేదు, మోసం చేశారు" అని ఫోన్లు వస్తాయి. ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. మన మిద్దె మీద ప్యానెల్ 60, 65 డిగ్రీలకి కాగుతుంది. 25 దాటాక ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున పవర్ తగ్గుతుంది. అంటే వేడికే 12 నుంచి 14 శాతం పోతుంది, మిగతాది దుమ్ము, వైరు, ఇన్వర్టర్. దీన్ని కాగితం మీద లెక్క వేసి చూపిస్తే పెద్దమనిషి శాంతిస్తాడు. కరెంటు పోయినప్పుడు సోలార్ కూడా ఆగిపోతుందని ముందే చెప్పాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కినప్పుడు మన ఇంటి నుంచి కరెంటు ఎదురు వెళ్లకుండా ఇన్వర్టర్ తనే ఆగుతుంది. ముందు చెప్తే అది సమాచారం. తర్వాత చెప్తే సాకులా వినిపిస్తుంది.

కోర్సు, సర్టిఫికెట్ మాట. గురుగ్రామ్‌లోని జాతీయ సౌరశక్తి సంస్థ ఆధ్వర్యంలో 2015లో సూర్యమిత్ర అనే శిక్షణ మొదలైంది. ఐటీఐ, డిప్లొమా వాళ్ల కోసం మూడు నెలల పాటు ఫీజు లేకుండా నేర్పేలా దాన్ని పెట్టారు. అదే ఏడాది ఏర్పడిన స్కిల్ కౌన్సిల్ ఫర్ గ్రీన్ జాబ్స్ కూడా సోలార్, బయోగ్యాస్, వ్యర్థాల నిర్వహణ లాంటి పనులకి సర్టిఫికెట్లు ఇస్తుంది. బ్యాచ్‌లు ఎక్కడ నడుస్తున్నాయో వాళ్ల వెబ్‌సైట్లలో చూడు. చేరే ముందు సెంటర్‌కి స్వయంగా వెళ్లు. మిద్దె మీద నిజమైన ప్యానెళ్లు ఉన్నాయా, ఎర్త్ టెస్టర్, మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ కొలిచేది) ఉన్నాయా, వాటిని మన చేతికి ఇస్తారా అని అడుగు. ప్రొజెక్టర్ ఒక్కటే ఉంటే వెనక్కి వచ్చేయ్.

అంతకన్నా ముందు వైర్‌మన్ పర్మిట్ (వైరింగ్ పనికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) తెచ్చుకో. నీకు ఐటీఐ ఉంది కాబట్టి దారి సులువే. తర్వాత అనుభవంతో సూపర్‌వైజర్ పర్మిట్‌కి వెళ్లొచ్చు. రేపు నీ పేరు మీద పని పెట్టాలన్నా, ఫైలు మీద సంతకం పెట్టాలన్నా లోకం అడిగేది ఈ కాగితాల్నే.

నా దగ్గరికి పోయిన ఏడాది ఒకతను మూడు సర్టిఫికెట్లతో వచ్చాడు. ఇన్వర్టర్ల రకాలన్నీ గడగడా చెప్పాడు. స్ట్రింగ్ (వరసగా కలిపిన ప్యానెళ్లు) వోల్టేజి కొలవమంటే మీటరు నాబ్ ఏసీ మీద పెట్టాడు. అతన్ని తప్పు పట్టను, ఎవరూ అతని చేతికి మీటరు ఇవ్వలేదు. అతన్ని హెల్పర్‌గా తీసుకున్నాం, ఇప్పుడు బాగానే చేస్తున్నాడు. నేను హెల్పర్‌కి రోజుకి 600 ఇస్తాను. టెర్మినేషన్ (వైర్ల చివరలు బిగించడం), టెస్టింగ్ ఒంటరిగా చేసి రీడింగులు రాయగలిగితే 1,100.

కష్టాలు కూడా చెప్పాలి. ఎండలో మిద్దె మీద పని. ఎత్తులో హార్నెస్ లేకుండా ఎక్కమనే టీమ్‌లో ఒక్క రోజు కూడా ఉండొద్దు, ఎంత డబ్బిచ్చినా సరే. వానాకాలంలో పని తగ్గుతుంది. చిన్న వెండర్ల దగ్గర జీతం రెండు నెలలు ఆలస్యమవడం నేను కూడా పడ్డాను. అందుకే వైరింగ్ పని పూర్తిగా వదలొద్దు. మొదటి ఏడాది రెండూ నడుపు.

అక్క గురించి. మా ఆఫీసులో సూర్యఘర్ పోర్టల్‌లో అప్లికేషన్లు, నెట్ మీటర్ (లైను నుంచి తీసుకున్న, లైనుకి ఇచ్చిన కరెంటు రెండూ లెక్కించేది) ఫైళ్లు, బ్యాంకు లోన్ కాగితాలు, సబ్సిడీ పడిందా లేదా చూసుకోవడం మొత్తం బీకాం చదివిన అమ్మాయే చేస్తుంది. కరెంటు సర్వీసు తాతయ్య పేరు మీద, ఇల్లు నాన్న పేరు మీద, బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు స్పెల్లింగ్ తేడా... సగం ఫైళ్లు ఇలాంటి చోటే ఆగుతాయి. వాటిని ఓపిగ్గా సరిచేసేవాళ్లు దొరక్క వెండర్లు అల్లాడుతున్నారు. మీ అక్క బిల్లు చదవడం, నెట్ మీటర్‌లో ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ లెక్క చూడటం నేర్చుకుంటే ఎక్కడైనా పని దొరుకుతుంది.

నీతో ఐటీఐ చదివిన ఏసీ మెకానిక్ స్నేహితులకి కూడా ఒక మాట. పాత ఏసీ విప్పేటప్పుడు గ్యాస్ గాలిలోకి వదిలేస్తారు. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 గ్యాస్ ఒక కిలో వదిలితే దాదాపు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి పెరుగుతుంది. దాన్ని సిలిండర్‌లోకి తిరిగి పట్టడం, పైపుల్లో గాలి తీసేసి వ్యాక్యూమ్ సరిగ్గా చేయడం, మంట అంటుకునే గుణం ఉన్న ఆర్-32 లాంటి గ్యాస్‌లతో జాగ్రత్తగా పని చేయడం వాళ్ల రంగంలో గ్రీన్ స్కిల్.

ఇక ఇంటి సంగతి. కస్టమర్ ఇంటికి వెళ్లే ముందు మీ ఇంట్లో మొదలుపెట్టు. నెల రోజులు ప్రతి ఉదయం ఒకే టైముకి మీటరు రీడింగ్ ఒక నోటుబుక్కులో రాయి. పక్కనే ఆ రోజు ఏం జరిగిందో కూడా రాయి: మోటారు రెండుసార్లు వేశాం, చుట్టాలు వచ్చారు, ఇస్త్రీ చేశాం అని. పది రోజుల్లోనే ఏది ఎంత తింటుందో తెలిసిపోతుంది. 2 కిలోవాట్ల గీజర్ అరగంట నడిస్తే ఒక యూనిట్. ట్యాంకు నిండి పొర్లిపోయేదాకా నడిచే మోటారు ఇంకో దొంగ. ఫ్లోట్ స్విచ్ పెడితే కరెంటుతో పాటు నీళ్లు కూడా మిగులుతాయి. ఏసీ ఉంటే 24 కన్నా కిందికి దించకుండా ఫ్యాన్ వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెప్తుంది.

ఒక చిన్న పరీక్ష కూడా చెయ్యి. ఇంట్లో అన్నీ ఆపేసి మీటరు మీద ఎర్ర లైటు చూడు. మీటరు మీద 3200 ఇంప్ అని రాసి ఉంటే ఆ లైటు 3,200 సార్లు వెలిగితే ఒక యూనిట్. అన్నీ ఆపినా మూడు నిమిషాల్లో 16 సార్లు వెలిగిందంటే ఎక్కడో 100 వాట్లు పోతున్నాయి, నెలకి 72 యూనిట్లు. ఎక్కడ పోతోందో ఒక్కో సర్క్యూట్ తీసి వెతుకు. మా అత్తగారింట్లో ఇలా వెతికితే గోడలో తడిసిన పాత వైరు దొరికింది. బిల్లు కన్నా ముఖ్యంగా, ఆ గోడని పిల్లలు ముట్టుకుంటున్నారు.

ఆ 25 వేలల్లో ఐదారు వేలతో పనిముట్లు కొనుక్కో. డీసీ ఆంపియర్లు కూడా చూపించే క్లాంప్ మీటర్ (మామూలువి ఏసీ ఆంపియర్లే చూపిస్తాయి, షాపులో డీసీ అని గట్టిగా అడుగు), ఎంసీ4 క్రింపింగ్ టూల్, ఒక ప్లగ్ మీటర్. ఎర్త్ టెస్టర్, మెగ్గర్ ఖరీదు ఎక్కువ. అవి టీమ్ దగ్గర ఉంటాయి, ఇప్పుడే కొనొద్దు.

మీ ఇంటి నెల రోజుల రీడింగులు, కరెంటు బిల్లు ఫోటో (సర్వీస్ నంబరు, పేరు కనపడకుండా చేసి) ఇక్కడే పెట్టు. మిద్దె మీద ట్యాంకు ఏ దిక్కున ఉందో, ఉదయం పది గంటలకి దాని నీడ ఎంత దూరం పడుతోందో కూడా కొలిచి రాయి. చూసి మీ ఇంటికి ఏం చేయొచ్చో చెప్తాను.